ఎర్ర సిరా తరవాత: తెలుగు రాష్ట్రాల వెలుపలి కళాశాలల్లో విద్యార్థి రచనను దిద్దే తీరు

ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష, కళాశాలలో మళ్ళీ తెలుగు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో తరాల కిందటే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది నడిచే దారి ఇది. డిగ్రీలో ద్వితీయ భాషగానో, తమిళనాడులో అయితే పార్ట్-1 భాషగానో తెలుగు తీసుకొన్న విద్యార్థి మొదటి సెమిస్టరులోనే వ్యాసం రాయవలసి వస్తుంది. అధ్యాపకులు ఎర్ర సిరాతో తప్పులు చుడతారు, చివర ఒక అంకె వేస్తారు. విద్యార్థి ఆ అంకె చూసుకొని కాగితం మడిచి పెట్టుకొంటాడు. తరవాతి వ్యాసంలో అవే తప్పులు, అదే అంకె.

ఇందులో అధ్యాపకుల శ్రమకు లోటు లేదు. ఒక్కో కాగితం మీద ఇరవై, ముప్పై గుర్తులు పెట్టేవారున్నారు. ఐనా ఆ శ్రమ విద్యార్థి రాతలోకి ఎందుకు చేరటం లేదన్నది ఆలోచించవలసిన ప్రశ్న. మార్కు వేయటం, రాత నేర్పటం రెండు వేరు పనులనీ, రెండింటినీ ఒకే కలంపోటుతో చేయబోతే రెండోది జరగదనీ మా అభిప్రాయం. దానితోపాటు, మన ప్రాంతాల్లో తప్పు అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవలసిన అవసరం మరింత ఉంది. ఈ రెండు విషయాలనూ వరసగా చర్చిస్తాము.

పాత వివాదం

ఏ తెలుగులో రాసిన వ్యాసానికి మార్కులు వేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో భాగంగా చదువుకొంటాం. కాని అది రాజుకొన్నది తరగతి గదిలోనూ పరీక్ష పేపరు మీదా. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పిల్లలు మాట్లాడే తెలుగుకూ, బడిలో రాయమనే తెలుగుకూ మధ్య ఉన్న దూరం ఆయన రోజూ చూసినదే. 1910 తరవాతి సంవత్సరాల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో వ్యాసరచన ఏ శైలిలో ఉండాలన్న విషయం మీద పెద్ద వాదం నడిచింది. గ్రాంథికం పక్షాన జయంతి రామయ్య పంతులు వంటి వారు, వ్యావహారికం పక్షాన గిడుగు, గురజాడ వంటి వారు నిలబడ్డారు. గురజాడ 1914లో విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ వాదంలో పుట్టినదే. అసమ్మతి అన్న మాటలోనే ఆనాటి సంఘంలో ఆయన పక్షానికి ఆధిక్యం లేదని తెలుస్తుంది.

పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరింది. అంటే, విద్యార్థి రాతను ఎలా దిద్దాలన్న చర్చకు మూలమైన ఊరు ఈ సంచిక పాఠకుల ప్రాంతంలోనే ఉంది. గ్రాంథికమా, వ్యావహారికమా అన్నది ఇప్పుడు తేలిపోయింది. ఏ వ్యావహారికం అన్నది మాత్రం తేలలేదు. పాఠ్యపుస్తకాల తెలుగును ప్రమాణంగా పెట్టుకొని, దానికి భిన్నమైన ప్రతి రూపాన్నీ కొట్టివేయటం ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతున్నది.

మూడు రకాల గుర్తులు

విద్యార్థి కాగితం మీద ఎర్ర సిరా పడే చోట్లను విడదీసి చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది ఇంటి భాష. హోసూరు, కోలారు వైపు విద్యార్థి ‘ఉండాది’ అనీ, ‘చేస్తా ఉండారు’ అనీ రాస్తాడు. బరంపురం వైపు విద్యార్థి ‘ఉన్నాది’, ‘చెప్పీసినాడు’ అని రాయవచ్చు. షోలాపూర్, భివండీ, ముంబయి పద్మశాలి కుటుంబాలు ఎక్కువగా తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళినవి కనక వారి పిల్లల రాతలో ‘వచ్చిండు’, ‘పోయిండ్రు’ ఉంటాయి. ఇవేవీ పొరపాటున దొర్లిన రూపాలు కావు. ప్రతిదానికీ వ్యాకరణం ఉంది. ‘వచ్చిండు’ అన్న విద్యార్థి ‘తిన్నడు’, ‘పోయిండు’ అని ఆ పద్ధతి ప్రకారమే రాస్తాడు గాని ఇష్టం వచ్చినట్టు రాయడు. ఇంతకంటే చిత్రమైన సంగతి మరొకటి ఉంది. రావిశాస్త్రి కథ, కాళోజీ కవిత, నామిని రచన పాఠంగా పెట్టినప్పుడు వాటిలోని ఇలాంటి రూపాలనే మాండలిక సౌందర్యమని మనం వివరిస్తాం. వారం తిరక్కుండానే విద్యార్థి కాగితం మీద వాటిని కొట్టివేస్తాం. పుస్తకంలో ఉంటే సాహిత్యం, జవాబు పత్రంలో ఉంటే దోషం అంటే విద్యార్థికి అర్థమయ్యేది ఒక్కటే: తన ఇంటివాళ్ళకు తెలుగు రాదని.

రెండోది మొదట నేర్చిన లిపి తెచ్చే అలవాటు. ఇవి నిజంగా దిద్దవలసినవే. ఐతే వీటికి కారణం తెలిస్తే దిద్దటం తేలిక. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ట, డ లకూ, త, ద లకూ, ప, బ లకూ అంతే. మహాప్రాణాలకు వేరే అక్షరాలు లేవు. అందువల్ల తమిళం మొదట నేర్చిన విద్యార్థి ‘గుడి’ అని సరిగానే పలుకుతాడు, రాసేటప్పుడు ఏ అక్షరమో తడుముకొంటాడు. ‘ప్రధానం’ రాయబోయి ‘ప్రదానం’ రాస్తే అర్థమే మారిపోతుంది. ఒడియా లిపిలోనూ, మరాఠీ రాసే నాగరి లిపిలోనూ ఎ, ఏ లకు వేరు వేరు గుర్తులు లేవు. ఒ, ఓ లకూ అంతే. ఆ బడుల నుంచి వచ్చినవారు ‘మేడ’కు ‘మెడ’, ‘కోట’కు ‘కొట’ రాస్తారు. కన్నడ లిపి మనకు దగ్గరి చుట్టం కనక చిక్కులు వేరుగా ఉంటాయి. కన్నడంలో ఏత్వ, ఓత్వాల దీర్ఘాన్ని అక్షరం పక్కన విడి గుర్తుతో చూపుతారు, తెలుగులో తలమీది గుర్తే మారుతుంది. ‘ధర్మం’ వంటి మాటల్లో కన్నడం చదివిన విద్యార్థి రేఫను తరవాతి అక్షరం పక్కన పెట్టబోతాడు. అది మన పాత అచ్చు పుస్తకాల్లో కనిపించే వలపలగిలక వంటిదే. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తే విద్యార్థి ఒక్కసారిగా పది తప్పులు మానుకోగలడు. ఒక్కొక్కటిగా చుడితే ఒక్కటీ మానడు.

మూడోది రచనకు సంబంధించినది. వాక్యానికీ వాక్యానికీ మధ్య లంకె లేకపోవటం, చెప్పదలచినదేమిటో చివరికీ తేలకపోవటం, ఉదాహరణ లేని పెద్ద మాటలు, గైడునుంచి కంఠస్థం చేసిన వాక్యాలు. వ్యాసానికి ప్రాణమైన విషయాలు ఇవి. ఎర్ర సిరా అన్నిటికంటె తక్కువగా పడేదీ ఇక్కడే. కారణం సులభమే. అక్షర దోషం కంటికి వెంటనే కనిపిస్తుంది, ఆలోచనలోని ఖాళీని పట్టుకోవాలంటే ఆగి చదవాలి. యానాం విషయంలో ఈ మూడో రకమే ప్రధానం. అక్కడి పిల్లల ఇంటి తెలుగు చుట్టూ ఉన్న గోదావరి జిల్లాల తెలుగే, చదువులోనూ తెలుగుకు చోటుంది. కాబట్టి మొదటి రెండు రకాల చిక్కులు తక్కువ, గైడు వాక్యాల బెడద అందరితో సమానం.

తప్పుల వెనక ఒక తర్కం ఉంటుందనీ, దాన్ని కనిపెట్టటమే అధ్యాపకుల మొదటి పని అనీ అమెరికాలో మైనా షాఘ్నెసీ 1977లో వెలువరించిన గ్రంథంలో విస్తృతంగా చూపించారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో తలుపులు అందరికీ తెరిచినప్పుడు ఇళ్ళలో వేరే భాషలూ వేరే ఇంగ్లీషూ మాట్లాడే విద్యార్థులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఆ కాగితాలను ఏళ్ళ తరబడి చదివి ఆమె రాసిన పుస్తకం అది. దేశం వేరైనా మన కాగితాలకు ఆ దృష్టి బాగా పనికివస్తుంది.

అంకె చెప్పనిది

ఇక మార్కు సంగతి. వ్యాసానికి వేసే అంకె ఎంత నిలకడైనదో తెలుసుకోవటానికి అమెరికాలోని ఈటీఎస్ అనే పరీక్షా సంస్థ చేసిన ఒక పరిశీలన 1961లో వెలువడింది. కళాశాల మొదటి సంవత్సరం విద్యార్థుల వ్యాసాలు 300 తీసుకొని, వేరు వేరు వృత్తుల్లో ఉన్న 53 మంది చదువరులకు ఇచ్చారు. ఏ కొలబద్దా చెప్పకుండా తొమ్మిది అంతస్తుల్లో గ్రేడు వేయమన్నారు. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు వేరు వేరు గ్రేడులు వచ్చాయి. ఒకరు ఆలోచనను చూశారు, ఒకరు అక్షర దోషాలను, మరొకరు అమరికను, ఇంకొకరు శైలిని. ఎవరూ అన్యాయం చేయలేదు. ఎవరు దేనికి మార్కు వేస్తున్నారో ముందు ఒప్పందం లేదు, అంతే. మన కళాశాలల్లోనూ ఒకే వ్యాసానికి ఒకరు పన్నెండు, ఒకరు ఏడు వేయటం వెనక ఉన్నది ఇదే.

అంకె, వ్యాఖ్య రెండూ కలిపి ఇస్తే సరిపోదా అని అడగవచ్చు. ఇజ్రాయెల్లో రూత్ బట్లర్ పాఠశాల పిల్లల మీద చేసి 1988లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో తరచు ఉదహరింపబడుతుంది. వ్యాఖ్య మాత్రమే అందుకొన్న పిల్లలు తరవాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కు మాత్రమే అందుకొన్నవారిలోనూ, మార్కుతోపాటు వ్యాఖ్య అందుకొన్నవారిలోనూ ఆ మెరుగు కనిపించలేదు. అంకె పక్కన ఉంటే కన్ను వ్యాఖ్య దాకా పోదన్నమాట. ఆ ప్రయోగం చిన్న పిల్లల మీద జరిగినదే ఐనా, కళాశాల తరగతిలో కాగితాలు తిరిగి ఇచ్చిన రోజు జరిగేది చూసినవారెవరికీ ఇది వింతగా తోచదు.

వ్యాఖ్య రాసినంత మాత్రాన కూడా సరిపోదు. ఏ కాగితం మీద ఐనా అతికించదగిన వ్యాఖ్య ఏ కాగితానికీ ఉపయోగపడదని నాన్సీ సోమర్స్ 1982లో రాసిన వ్యాసం నుంచి మనం గ్రహించవచ్చు. ‘భాష మెరుగుపరచుకోవాలి’, ‘ఇంకా వివరంగా రాయాలి’, ‘దోషాలు ఎక్కువ’, ‘బాగుంది’ - మనం రాసే వ్యాఖ్యలు ఎక్కువగా ఇలాంటివే. ఏ భాష, ఏ వివరం, ఏ దోషం అన్నది విద్యార్థికి తెలియదు. తెలిస్తే మొదటే రాసి ఉండేవాడు.

ఒక పేరా, రెండు దిద్దుబాట్లు

విషయం స్పష్టంగా ఉండటానికి ఒక పేరా తీసుకొందాము. ఇది ఫలానా విద్యార్థి రాసినది కాదు, మేము తరచు చూసే లక్షణాలను ఒకచోట చేర్చి కూర్చినది. షోలాపూర్ విద్యార్థిని ‘చేనేత’ గురించి రాసిందనుకొందాము:

‘మా తాత కరీంనగర్ నుంచి షోలాపూర్ వచ్చిండు. మిల్లుల పని చేసిండు. మా నాయన మగ్గం మీద చద్దర్లు నెసిండు. చేనేత మన సంస్కృతికి పట్టుకొమ్మ. చేనేత కళ చాల గొప్పది. ఇప్పుడు మా ఇంట్ల మగ్గం లేదు. చేనేతను అందరు కాపాడాలె.’

మామూలు దిద్దుబాటులో వచ్చిండు, చేసిండు, మిల్లుల, ఇంట్ల, కాపాడాలె, చాల, అందరు అన్నీ చుట్టబడతాయి. ‘నెసిండు’ కూడా చుట్టబడుతుంది గాని తక్కినవాటితో కలిసిపోతుంది. సంస్కృతికి పట్టుకొమ్మ అన్న వాక్యం కింద మాత్రం ఏ గీతా పడదు. అది పుస్తక భాష కనక మెచ్చుకోలు గుర్తు కూడా పడవచ్చు. చివర పదికి నాలుగు. దీని నుంచి ఆ అమ్మాయి నేర్చుకొనేది: తన మాటలు తప్పు, గైడు మాటలు ఒప్పు. తరవాతి వ్యాసంలో తాతా ఉండడు, నాయనా ఉండడు, పట్టుకొమ్మలు మాత్రం నాలుగుంటాయి.

మరో పద్ధతి ఇది. మొదటిసారి అంకె వేయకూడదు. కాగితం కింద ఇలా రాయాలి: ‘మీ తాత రావటం, మీ నాయన నేత, ఇప్పుడు మగ్గం లేకపోవటం - ఈ మూడూ నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. మగ్గం ఎప్పుడు పోయింది? ఎందుకు పోయింది? నాయనను అడిగి నాలుగు వాక్యాలు రాయి. పట్టుకొమ్మ అన్న వాక్యం నువ్వు చూసినదానికి ఏమి కలుపుతున్నదో ఆలోచించు. నేయటంలో నే దీర్ఘం. మరాఠీలో ఎ, ఏ లకు ఒకటే గుర్తు కనక ఇది జారుతుంది, ఏకారం ఉన్న మాటలన్నీ ఒకసారి చూసుకో.’ అంతే. ఒక ప్రశ్న, ఒక అనుమానం, ఒక లిపి సూచన.

తిరగరాసిన పేరా ఇలా రావచ్చు:

‘మా తాత కరీంనగర్ నుంచి షోలాపూర్ వచ్చి మిల్లుల పని చేసిండు. తర్వాత ఇంట్లనే మగ్గం పెట్టిండు. మా నాయన దాని మీద చద్దర్లు నేసిండు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మగ్గం అమ్మినం. నూలు ధర పెరిగింది గని చద్దరు ధర పెరగలేదని నాయన చెప్పిండు. మగ్గం ఉన్న జాగల ఇప్పుడు నేను కూసోని చదువుకుంటున్న.’

రెండో పేరాలో ఇంటి రూపాలు తగ్గలేదు, ఇంకా పెరిగాయి కూడా. ఐనా ఇది మొదటిదానికంటె మంచి రచన అని ఒప్పుకోని అధ్యాపకులు ఉండరని మా నమ్మకం. సంగతులు ఒకదాని నుంచి ఒకటి పుట్టాయి. కారణం వచ్చింది. చివరి వాక్యం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

మార్కులు ఎప్పుడు, దేనికి

మార్కులు వద్దని మేము అనటం లేదు. విశ్వవిద్యాలయాలు అడుగుతాయి, విద్యార్థులకూ కావాలి. సెమిస్టరు చివరి పరీక్షలో దిద్దేవారెవరో రాసినవారెవరో ఒకరికొకరు తెలియరు, కాగితం తిరిగి రాదు. అక్కడ నేర్పటానికి వీలులేదు. చోటున్నది ఇంటర్నల్ మార్కుల కింద రాయించే అసైన్‌మెంటులో. దానికి ఈ క్రమం పాటించి చూడవచ్చునని మా సూచన.

మొదటి ప్రతికి వ్యాఖ్య మాత్రమే ఇవ్వాలి. రెండో ప్రతికి మార్కు. రెండు ప్రతులూ కలిపి కుట్టి ఇప్పించుకొంటే మార్పు ఎంత జరిగిందో కళ్ళెదుటే ఉంటుంది. మార్కు దేనికి ఎంతో రాయించకముందే తరగతిలో చెప్పాలి. ఇరవై మార్కులైతే విషయానికి 8, అమరికకు 5, తిరగరాయటంలో చూపిన శ్రద్ధకు 4, లిపికి 3 అనుకోవచ్చు. అంకెలు ఎవరి వీలును బట్టి వారు మార్చుకోవచ్చు. ఒకే కళాశాలలో ఇద్దరు ముగ్గురు అధ్యాపకులుంటే మాత్రం దిద్దటానికి ముందు నాలుగు కాగితాలు అందరూ విడివిడిగా చదివి, వేసిన అంకెలు పోల్చి చూసుకోవటం అవసరం. తేడా ఎక్కడ వస్తున్నదో ఆ అరగంటలో బయటపడుతుంది.

ఇంటి రూపాల విషయంలో విద్యార్థికి నిజం చెప్పాలి. సొంత అనుభవం, ఊరి సంగతి, కథనం రాసేటప్పుడు ఇంటి తెలుగులో రాయవచ్చు, దానికి మార్కు తగ్గదు. దరఖాస్తు, నివేదిక, చివరి పరీక్షలోని సాహిత్య ప్రశ్న వంటివాటికి ప్రమాణ రూపాలు తెలిసి ఉండాలి. ఉండాది - ఉంది, వచ్చిండు - వచ్చాడు, చెప్పీసినాడు - చెప్పేశాడు అని రెండు వరసల పట్టిక విద్యార్థి చేతనే తయారు చేయిస్తే ఒక తెలుగు పోయి మరొకటి రావటం కాకుండా రెండు తెలుగులు చేతికి వస్తాయి. స్థానిక భాష నుంచి వచ్చిన కన్నడ ‘ఊట’, మరాఠీ ‘శాళ’ వంటి మాటలకు కూడా కొట్టివేత అవసరం లేదు. ‘ఇది యానాంలో చదివేవారికి అర్థమవుతుందా?’ అని మార్జినులో అడిగితే చాలు. కావాలనుకొంటే మార్చుకొంటారు, లేకపోతే ఒక మాటలో వివరిస్తారు.

రెండు అభ్యంతరాలు

ఇంత వ్యవధి ఎక్కడిదని మొదటి అభ్యంతరం. ముప్పై గుర్తులు పెట్టే కాలంలో మూడు వాక్యాలు రాయవచ్చు. పైగా మన ప్రాంతాల్లో తెలుగు తరగతులు చాలాచోట్ల చిన్నవి. దాన్ని మనం లోటుగానే చూస్తూ వచ్చాం, ఈ పనికి అదే అనుకూలం. తరగతి పెద్దదైనచోట విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి, ఒకరి కాగితం ఒకరు పైకి చదివి వినిపించమనవచ్చు. అర్థం కాని చోట వినేవారు ఆపుతారు. సగం పని అక్కడే అయిపోతుంది.

దోషాలు వదిలేస్తే భాషా ప్రమాణం పడిపోతుందని రెండోది. రాతలో వ్యాకరణ దోషాలన్నీ దిద్దటం వల్ల ప్రయోజనం లేదని జాన్ ట్రస్కాట్ 1996లో వాదించారు. డానా ఫెరిస్ 1999లో దానికి జవాబిచ్చారు. ఎంచి దిద్దిన దిద్దుబాటు పనిచేస్తుందని ఆమె పక్షం. రెండో భాషలో రాసేవారి గురించి నడిచిన ఆ వాదం ఇంకా పూర్తిగా ముగియలేదు. ఐనా మనకు అందులో ఒక పాఠం ఉంది. అన్నీ ఒకేసారి చుట్టటాన్ని ఆ ఇద్దరిలో ఎవరూ సమర్థించలేదు. ఒక్కో అసైన్‌మెంటుకు ఒక్కో రకం దోషాన్ని పట్టుకొని, తిరగరాతలో అది పోయిందో లేదో చూస్తే సెమిస్టరులో మూడు నాలుగు అలవాట్లు మారతాయి. ప్రమాణం నిలిచేది అలాగే.

ఎందుకింత పట్టింపు

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు చదువుకొనే వీలు అందువల్ల మరింత సన్నగిల్లింది. తక్కిన రాష్ట్రాల్లోనూ తెలుగు మాధ్యమపు బడులు పలచబడుతున్నాయి. అంటే ఇంట్లో మాట్లాడే తెలుగు కాగితం మీదికి వచ్చే అవకాశం చాలామందికి కళాశాలలోనే మొదటిసారి దొరుకుతుంది, కొందరికి అదే చివరిది కూడా. మొదటి కాగితమే పదికి నాలుగుతో తిరిగి వస్తే మార్కులు తేలికగా వచ్చే మరో భాషను ఎంచుకోవటం విద్యార్థి వైపు నుంచి సహజం. అలా నలుగురు తగ్గితే తరగతి నిలవదు, తరగతి లేనిచోట ఖాళీ అయిన అధ్యాపక పదవి నింపరు.

ఇంకొక నష్టం లెక్కల్లో కనిపించదు. షోలాపూర్ మగ్గాలు, కోలారు గనులు, హోసూరు పల్లెలు, బరంపురం వీధుల్లోని తెలుగువారి సంగతులు ఆ ఇళ్ళ పిల్లలు రాస్తేనే తెలుగులోకి వస్తాయి. మన పేరాలోని అమ్మాయి మొదటి ప్రతితో ఆగిపోయి ఉంటే ఆ మగ్గం ఎందుకు పోయిందో మనకెవరికీ తెలిసేది కాదు.

అధ్యాపక మిత్రులకు మా విన్నపం చిన్నది. వచ్చే సెమిస్టరులో ఒక్క అసైన్‌మెంటును ఈ పద్ధతిలో నడపండి. రెండు ప్రతులూ దాచండి. మీ ప్రాంతపు విద్యార్థుల రాతలో తరచు కనిపించే ఇంటి రూపాలు, లిపి అలవాట్లు విడివిడిగా పట్టిక వేసి మాకు పంపండి. ప్రాంతాలవారీగా అవి సమకూరితే, ఎక్కడ దిద్దాలో ఎక్కడ ఊరుకోవాలో చెప్పే చిన్న కరదీపిక ఒకటి అందరికీ పనికివచ్చేలా తయారుచేయవచ్చు.